పొట్టయిన జీన్స్‌ను ఇంట్లోనే పొడవు చేసుకోవడం ఎలా?

జీన్స్ పొట్టయితే మనలో చాలామంది దాన్ని అల్మారా అడుగున పడేస్తారు, లేదంటే మోకాలి దాకా కోసి ఇంట్లో వేసుకునే షార్ట్ చేసేస్తారు. నడుము దగ్గర సరిగ్గా సరిపోయి, వాడి వాడి మెత్తబడి, ఒంటికి అలవాటైపోయిన జీన్స్‌ను రెండంగుళాల కోసం వదులుకోవడానికి నాకైతే మనసొప్పదు. కొత్తది కొన్నా అంత బాగా కుదరడానికి నెలలు పడుతుంది. పొడవు పెంచడమంటే ఒక మధ్యాహ్నం పని. కుట్టుమిషన్ ఉంటే తేలిక, లేకపోతే చేత్తోనైనా కుట్టుకోవచ్చు.

ఈ పనిలో అసలు చిక్కు కుట్టడంలో ఉండదు, పాత మడత గీతతో ఉంటుంది. జీన్స్ కింది మడత విప్పగానే, ఇన్నాళ్లూ అంచుగా ఉన్న చోట తెల్లటి గీత ఒకటి కాలి చుట్టూ బయటపడుతుంది. దాని కిందున్న బట్ట ఎండ, ఉతుకు చూడలేదు కాబట్టి ముదురు నీలంగా ఉంటుంది. ఆ గీతను ఏం చేయాలో ముందే తేల్చుకుంటే మిగతా పనంతా సాఫీగా సాగిపోతుంది. కింద చెప్పే పద్ధతులన్నిటిలోనూ నేను ఎక్కువ మాట్లాడేది దాని గురించే.

ముందు కొలత

జీన్స్‌ను ఉతికి, ఆరబెట్టి, ఆ తర్వాతే కొలవండి. నాలుగుసార్లు తొడిగిన జీన్స్ మోకాళ్ల దగ్గర సాగి ఉంటుంది, ఉతకగానే మళ్లీ దగ్గరకొస్తుంది. సాగినప్పుడు తీసుకున్న కొలత ఉతికాక పనికిరాదు.

ఎప్పుడూ ఆ జీన్స్ మీదికి వేసుకునే చెప్పులో షూసో తొడుక్కుని నిటారుగా నిలబడండి. కొలవడం మాత్రం ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పండి. మీరే వంగి కొలుచుకుంటే ప్యాంటు వెనక నుంచి పైకి లేస్తుంది, కొలత తప్పుతుంది. వెనక మడమ వైపు, ఇప్పుడున్న అంచు నుంచి మీకు కావాల్సిన చోటు వరకు టేపు పెట్టించండి. తర్వాత కుర్చీలో కూర్చుని కూడా చూడండి. నిలబడితే బాగానే ఉండి, కూర్చుంటే సాక్స్ పైదాకా లేచిపోయే జీన్స్‌కి ఇంకో అరంగుళం కలుపుకోవాలి. రెండు కాళ్లనూ వేరువేరుగా కొలవండి. ముందెప్పుడైనా ఆల్టరేషన్ చేయించి ఉంటే రెండు కాళ్లకూ పావంగుళం తేడా ఉండటం మామూలే.

ఇంకో దారి కూడా ఉంది. మీకు సరిపోయే వేరే ప్యాంటు ఉంటే, కాళ్ల మధ్య నాలుగు కుట్లు కలిసే చోటు నుంచి కింది అంచు దాకా లోపలి కుట్టు వెంట దాన్ని కొలవండి. ఈ జీన్స్‌నూ అలాగే కొలవండి. తేడా ఎంతో అంత కలపాలి.

ఏ పద్ధతో ఆ అంకెను బట్టే తేలుతుంది. ముప్పావు అంగుళం, మహా అయితే అంగుళం కావాలంటే ఉన్న మడత విప్పితే చాలు. అంగుళంన్నర నుంచి మూడంగుళాల దాకా కావాలంటే కింద పట్టీ వేయాలి. అంతకన్నా ఎక్కువ కావాలన్నా, అసలు కింది అంచును చెడగొట్టకూడదనుకున్నా కాలి మధ్యలో ముక్క కలపాలి.

ఉతుకుల వల్ల కాస్త బిగిసి, అరంగుళం లోపే తగ్గిందనిపిస్తే కత్తెర పట్టే ముందు ఒకటి చేసి చూడండి. గోరువెచ్చని నీళ్లలో జీన్స్‌ను అరగంట నానబెట్టి, గట్టిగా పిండకుండా తీసి, మోకాలి నుంచి కింది దాకా రెండు చేతులతో కొంచెం కొంచెంగా లాగి, నడుము పైకి ఉండేలా తీగ మీద వేలాడదీయండి. తడి బరువుకే కొంత దిగుతుంది. మళ్లీ ఉతికితే మళ్లీ బిగుస్తుంది కాబట్టి ప్రతి ఉతుక్కీ ఇలాగే చేయాలి. స్ట్రెచ్ జీన్స్‌ను లాగొద్దు, దానిలోని సాగే దారం దెబ్బతింటుంది.

మడత విప్పి పొడవు చేయడం

ప్యాంటు తిరగేసి కింది మడతను వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. కంపెనీ కుట్టు అయితే సాధారణంగా అరంగుళం చొప్పున రెండుసార్లు మడిచి ఉంటుంది. అంటే లోపల దాదాపు అంగుళం బట్ట దాగి ఉన్నట్టు. దర్జీ దగ్గర పొట్టి చేయించినదైతే ఇంకాస్త ఎక్కువ ఉండొచ్చు, తక్కువా ఉండొచ్చు. విప్పకముందే వేలితో తడిమితే లోపలి అంచు ఎక్కడిదాకా ఉందో తెలిసిపోతుంది.

ఇప్పుడు కుట్టు విప్పాలి. లోపలి వైపు నుంచి చూస్తే కుట్టు గొలుసులా ఒకదాంట్లో ఒకటి దూరినట్టు కనిపిస్తే అది చైన్ స్టిచ్. దాని మీద సమయం పెట్టనక్కర్లేదు. ఒకచోట దారం తెంపి, వదులైన కొసను పట్టుకుని లాగితే సర్రున చుట్టూ ఊడొచ్చేస్తుంది. ఒకవైపు లాగితే రాకపోతే రెండో కొస పట్టుకుని లాగండి, చైన్ స్టిచ్ ఒక దిశలోనే ఊడుతుంది. రెండు వైపులా కుట్టు ఒకేలా ఉంటే అది మామూలు మిషన్ కుట్టు. కుట్లు విప్పే సీమ్ రిప్పర్‌తో లోపలి వైపు ప్రతి నాలుగో కుట్టునూ తెంపుకుంటూ వెళ్లండి, తర్వాత పై దారాన్ని లాగితే పొడుగు ముక్కలుగా వచ్చేస్తుంది. బ్లేడుతో చేసేవాళ్లు పక్క కుట్ల దగ్గర నెమ్మదిగా చేయండి. అక్కడ బట్ట పొరలు పొరలుగా బిగుసుకుని ఉంటుంది, బ్లేడు జారితే బట్టే తెగుతుంది. పక్క కుట్ల కొసలు ఊడకుండా వెంటనే రెండు మూడు గట్టి కుట్లు వేసి ఆపండి.

మడత తెరవగానే లోపల ఏళ్ల నాటి నీలి నూగు, దుమ్ము, ఇసుక కనిపిస్తాయి. పాత టూత్‌బ్రష్‌తో దులపండి. తర్వాత తడిగుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టెను కాటన్ వేడి మీద పెట్టి, ఒక్కోచోట కాసేపు అదిమి పట్టండి. అటూ ఇటూ రుద్దితే అంచు సాగి అలలు అలలుగా అవుతుంది. మడత చదునవుతుంది కానీ తెల్లగీత పోదు.

ఆ గీత ఎందుకు పోదంటే, డెనిమ్ నేతలో నిలువు పోగులకే నీలి రంగు వేస్తారు, అడ్డపోగులు తెల్లగానే ఉంటాయి. ఆ నిలువు పోగు కూడా లోపలి దాకా నీలం కాదు. నీలిమందు పోగు పైపైనే పట్టి, నడిమధ్య తెల్లగా మిగులుతుంది. అంచు మడత షూకి, నేలకి రాసుకుని రాసుకుని పై రంగు అరిగి లోపలి తెలుపు బయటపడుతుంది. అది మరక కాదు, రంగే లేని చోటు. అందుకే ఎంత ఉతికినా, ఎంత ఇస్త్రీ చేసినా మారదు. బట్టలకు వాడే నీలం రాసి చూసేవాళ్లు ఉన్నారు, అది ఉతుకులకు నిలవదు. బట్టల మీద రాసే ముదురు నీలం ఫాబ్రిక్ పెన్ కొంతవరకు పనికొస్తుంది. దాన్ని గీత గీసినట్టు కాకుండా పెన్ మొనతో చుక్కలు చుక్కలుగా అద్ది, ఆరాక ఇస్త్రీ చేయాలి.

నాకు నచ్చే పద్ధతి వేరు. గీత మీద రంగు వేసే బదులు, కిందున్న ముదురు భాగాన్ని కాస్త వెలిసేలా చేయండి. ఉప్పుకాగితం (శాండ్‌పేపర్), 220 నంబరుది, ఒక చిన్న చెక్కముక్కకు చుట్టి, ముదురుగా ఉన్న బట్ట మీద కాలి పొడవు దిశలో తేలిగ్గా రుద్దండి. కాలి లోపల చెక్కపలకో మందపాటి పుస్తకమో పెడితే చదునుగా వస్తుంది. పదిసార్లు రుద్ది ఆగి, వెలుతుర్లో చూసి, మళ్లీ రుద్దండి. పై భాగం రంగుకు దగ్గరైతే తెల్లగీత కూడా జీన్స్ మీద మామూలుగా ఉండే వెలిసిన గీతల్లో ఒకటిగా కలిసిపోతుంది. గీత మీద మాత్రం రుద్దకండి, అక్కడ పోగులు ముందే అరిగి ఉంటాయి. స్ట్రెచ్ జీన్స్ అయితే ఇది చాలా తక్కువగా చేయాలి. బ్లీచ్ జోలికి మాత్రం పోవద్దు, సాగే దారాన్ని అది తినేస్తుంది.

విప్పిన అంచును మళ్లీ మడిస్తే సంపాదించిన పొడవంతా పోతుంది. కాబట్టి లోపలి వైపు వేరే గుడ్డతో పట్టీ వేయాలి. దీనికి మనకు ఇంటింటా దొరికే మంచి వస్తువు చీర ఫాల్. సన్నగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, మ్యాచింగ్ సెంటర్‌లో ఏ రంగు కావాలంటే ఆ రంగు దొరుకుతుంది. ముదురు నీలమో నలుపో తీసుకోండి. ఒక్క ఫాల్ రెండు కాళ్లకూ వేశాక ఇంకా మిగులుతుంది. చీరకు వేసే ముందు ఎలా నానబెట్టి ఆరేస్తామో దీన్నీ అలాగే నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుక్కే అది కుంచించుకుని జీన్స్ అంచును లోపలికి లాగేస్తుంది.

ఫాల్ నుంచి అంగుళంన్నర వెడల్పు పట్టీ కత్తిరించండి. పొడవు, కాలి కింది చుట్టుకొలతకు ఒక అంగుళం ఎక్కువ. రెండు కొసలనూ అరంగుళం మార్జిన్‌తో, అంటే కుట్టుకు అవతల అంత బట్ట వదిలి, కలిపి కుట్టి గాజులా చేయండి. జీన్స్ పై వైపు, అంటే బయటికి కనిపించే వైపు మీద ఈ పట్టీని ఉంచి, రెండు అంచులూ కలిపి, అంచు నుంచి పావంగుళం లోపల చుట్టూ కుట్టండి. ఇప్పుడు పట్టీని లోపలికి తిప్పండి. ఇస్త్రీ చేసేటప్పుడు కలిపిన కుట్టును ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) మేర లోపలికి దొర్లించండి, అప్పుడు బయటి నుంచి ఫాల్ అంచు తొంగిచూడదు. ఆ తర్వాత పట్టీ పై అంచును పాత తెల్లగీతకు ఒక నూలు పైకి వచ్చేలా కొలిచి లోపలికి మడిచి, ఇస్త్రీతో అణచండి. చివరగా జీన్స్ పై వైపు నుంచి, సరిగ్గా ఆ తెల్లగీత మీదుగా ఇత్తడి రంగు దారంతో చుట్టూ కుట్టేయండి. గీత కుట్టు కింద కలిసిపోతుంది, చూసినవాళ్లకు జీన్స్ కుట్టే కనిపిస్తుంది.

అంగుళం బట్ట విప్పితే పావంగుళం మార్జిన్‌కి పోయి ముప్పావు అంగుళం చేతికొస్తుంది. అంగుళమూ కావాలంటే పట్టీ లేకుండా కుచ్చు అంచు వదిలేయండి. పచ్చి అంచుకు అరంగుళం పైన ఒక వరస మిషన్ కుట్టు వేసి, దాని కింద అడ్డంగా ఉన్న తెల్లపోగులను గుండుసూదితో ఒక్కొక్కటే లాగేస్తే నిలువు నీలిపోగులు కుచ్చులా వేలాడతాయి. కాలేజీ పిల్లలు దీన్నే ఇష్టపడతారు. కుట్టు ఆపుతుంది కాబట్టి అంతకుమించి పైకి ఊడదు.

కింద పట్టీ కలపడం

ఇక్కడ మొదటి నిర్ణయం గుడ్డ. పాత జీన్స్ ఏదైనా ఉంటే అదే మేలు. లేకపోతే మీ వీధిలోని ఆల్టరేషన్ షాపులో అడగండి. పొట్టి చేయించుకున్నవాళ్లు వదిలేసి వెళ్లిన ముక్కలు వాళ్ల దగ్గర ఉంటాయి. ఇకమీదట మీరు జీన్స్ పొట్టి చేయించుకున్నప్పుడు కోసిన ముక్కలను అడిగి తెచ్చుకుని దాచండి. అదే గుడ్డ, అదే రంగు మళ్లీ ఎక్కడా దొరకదు.

రంగు విషయంలో నా మాట వినండి. దాదాపు కలిసిపోయింది అనిపించే నీలం అన్నిటికన్నా అధ్వాన్నం. ట్యూబ్‌లైట్ కింద కలిసినట్టే ఉండి, ఎండలో అడుగుపెట్టగానే అతుకు వేసినట్టు కనిపిస్తుంది. పూర్తిగా కలిసే ముక్క లేకపోతే కావాలనే తేడా ఉన్నది తీసుకోండి. లేత జీన్స్‌కి బాగా ముదురు పట్టీ, ముదురు జీన్స్‌కి లేత పట్టీ, లేదా అదే రకం డెనిమ్‌ను తిరగేసి తెల్లటి లోపలి వైపు పైకి వచ్చేలా వేయడం. చూడగానే ఇది కావాలని వేసిన పట్టీ అని తెలియాలి. మందం మాత్రం కలవాలి. పలచటి స్ట్రెచ్ జీన్స్‌కి మందపాటి పట్టీ వేస్తే కాలి కింద గొట్టంలా నిలబడిపోతుంది. స్ట్రెచ్‌కి స్ట్రెచ్, మామూలుకి మామూలు.

కొత్త గుడ్డ కొన్నట్టయితే ఉతికి ఆరేసి వాడండి. గుడ్డను కత్తిరించేటప్పుడు నిలువు పోగు జీన్స్ కాలి మాదిరే పై నుంచి కిందికి ఉండాలి. అడ్డంగా కోస్తే నేత గీతలు వేరే దిక్కుకు పోయి, రంగు ఒకటే అయినా వేరే గుడ్డలా కనిపిస్తుంది.

లెక్క ఇలా వేయండి. రెండంగుళాల పొడవు కావాలి, కాలి కింది చుట్టు 14 అంగుళాలు అనుకుందాం. పట్టీ ఎత్తు: కనిపించే 2 అంగుళాలు, పైన కలపడానికి అరంగుళం, కింద రెండుసార్లు మడవడానికి అంగుళం, మొత్తం మూడున్నర. పొడవు: 14 అంగుళాలు, కొసలు కలపడానికి రెండు వైపులా అరంగుళం చొప్పున ఇంకో అంగుళం, మొత్తం 15. ఇలాంటివి రెండు. కింద వెడల్పయ్యే బూట్‌కట్‌కి, కింద సన్నబడే స్కిన్నీకి ఇలా తిన్నని పట్టీ సరిపోదు. కాలి చివరి ఆరంగుళాలను పాత పేపర్ మీద పెట్టి పక్క గీతలు గీసి, అదే వాలులో కిందికి పొడిగించి, ఆ కాగితం నమూనాతో కత్తిరించండి.

ఇప్పుడు కుట్టే తీరు. జీన్స్ పాత మడత విప్పండి, ఇస్త్రీ చేయండి. తెల్లగీత కింద అరంగుళం బట్ట మాత్రం ఉంచి మిగతాది కత్తిరించండి. పట్టీ కొసలు కలిపి గుండ్రంగా చేయండి. జీన్స్ పై వైపు, పట్టీ పై వైపు ఎదురెదురుగా పెట్టి, పట్టీ అతుకు జీన్స్ లోపలి కాలి కుట్టు దగ్గరకు వచ్చేలా అమర్చి, అంచులు కలిపి గుండుసూదులు గుచ్చండి. కొత్తవాళ్లయితే గుండుసూదులతో వదిలేయకుండా కచ్చా కుట్టు వేసుకోండి, డెనిమ్ బరువుకు జరిగిపోతూ ఉంటుంది. ఇప్పుడు సరిగ్గా తెల్లగీత మీదుగా కుట్టు పోనివ్వండి. ఈ పద్ధతి నాకు ఇంత నచ్చడానికి కారణం ఇదే. దాచడానికి తంటాలు పడాల్సిన గీత కుట్టులోకే వెళ్లిపోతుంది, రంగు వేసే పనీ లేదు, రుద్దే పనీ లేదు. గీత దగ్గర పోగులు మరీ అరిగి చిరుగు పట్టి ఉంటే మాత్రం ఒక నూలు పైన గట్టి బట్ట మీద కుట్టండి. ఆ నూలు మేర పట్టీలో ముందే కలుపుకోండి.

కుట్టాక లోపలి పచ్చి అంచులు రెండూ కలిపి, పోగులు ఊడకుండా జిగ్‌జాగ్ కుట్టు వేయండి. మీ మిషన్‌లో జిగ్‌జాగ్ లేకపోతే ఓవర్‌లాక్ చేసే షాపుకు తీసుకెళితే అయిపోతుంది. ఆ మార్జిన్‌ను పైకి, అంటే జీన్స్ వైపుకు మడిచి ఇస్త్రీ చేసి, పై వైపు నుంచి ఒక నూలు దూరంలో ఇత్తడి రంగు దారంతో ఇంకో వరస వేయండి. చివరగా పట్టీ కింది అంచును అరంగుళం చొప్పున రెండు మడతలు వేసి కుట్టండి.

పాత జీన్స్ కాలి కింది చుట్టు ఈ జీన్స్‌కి సమానంగా ఉంటే ఇంకా తేలిక. పాతదాని కింది భాగాన్ని దాని మడతతో సహా కావాల్సిన ఎత్తుకు అరంగుళం కలిపి కోసి, గుండ్రంగానే తెచ్చి కలిపేయండి. పక్క కుట్లకు పక్క కుట్లు కలపండి. కింది అంచు కుట్టే పనే ఉండదు, కంపెనీ కుట్టు అలాగే వస్తుంది.

మిషన్ దగ్గర

డెనిమ్‌కి 16 నంబరు సూది పెట్టండి, బాగా మందమైతే 18. బ్లౌజులు కుట్టే సన్నసూదితో మొదలుపెడితే రెండో పక్క కుట్టు దగ్గరే విరుగుతుంది. విరిగిన ముక్క కంటికి తగిలే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కుట్టు పొడవు మూడు నుంచి మూడున్నర మిల్లీమీటర్లకు పెంచండి. జీన్స్ దారం దొరకకపోతే మామూలు దారమే రెండు రీళ్ల నుంచి రెండు పోగులు కలిపి ఒకే సూదిలోకి ఎక్కించండి, బాబిన్‌లో మాత్రం ఒక్క పోగే. పై టెన్షన్ కొంచెం బిగించి, ముందు చిన్న ముక్క మీద కుట్టి చూడండి.

అందరూ భయపడేది పక్క కుట్లు అడ్డొచ్చే చోటు. కింది మడత అక్కడికి చేరేసరికి పొరల మీద పొరలు పడి గట్టి గుట్ట అవుతుంది. మిషన్ పాదం ముందువైపు పైకి లేచి, బట్టను జరిపే కింది పళ్లకు వెనకవైపు అది అందక, సూది ఒకేచోట పొడుస్తూ ఉండిపోతుంది. కుట్టే ముందే ఆ గుట్ట మీద గుడ్డ కప్పి, రాతి గట్టు మీద పెట్టి, సుత్తితో నాలుగు దెబ్బలు వేయండి. నేత నలిగి మందం తగ్గుతుంది. గుట్ట ముందుకు వచ్చాక ఆగి, సూదిని బట్టలోనే దించి ఉంచి, పాదం ఎత్తి, మడిచిన అట్టముక్కను పాదం వెనక భాగం కింద పెట్టి మళ్లీ దించండి. పాదం ఇప్పుడు చదునుగా కూర్చుంటుంది. మోటారు, పెడల్ వదిలేసి చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ వేసుకుంటూ గుట్ట దాటండి. దిగేటప్పుడు అట్టముక్క పాదం ముందు భాగం కిందికి మారుతుంది. మన ఇళ్లలో మూల పడి ఉన్న నల్లటి పాతకాలం ఇనుప మిషన్ ఉంటే ఈ పనికి అదే వాడండి, తేలికపాటి ప్లాస్టిక్ మిషన్ల కన్నా అది డెనిమ్‌ను బాగా తట్టుకుంటుంది.

మిషన్ లేనివాళ్లు గట్టి సూది, రెండు పోగుల దారంతో, ప్రతి కుట్టుకూ సూదిని కాస్త వెనక్కి గుచ్చి ముందుకు తీసే కుట్టు వేయండి. ముందుకే పోయే దూరపు కుట్లు జీన్స్ బరువుకు నిలవవు. వేలికి అంగుస్తానా (సూది గుచ్చుకోకుండా వేసే తొడుగు) తొడుక్కోండి. పక్క కుట్ల దగ్గర సూది దిగకపోతే పట్టకారుతో లాగండి.

కలంకారీ, ఇకత్ పట్టీలు

అమ్మాయిల జీన్స్‌కి డెనిమ్ వెతుక్కోవడం కన్నా ఇది బాగుంటుందని నా అభిప్రాయం. పెడన కలంకారీ అచ్చు గుడ్డ గానీ పోచంపల్లి ఇకత్ గానీ పావు మీటరు ఉంటే రెండు కాళ్లకూ సరిపోతుంది. ఇంట్లో కుర్తా కుట్టగా మిగిలిన ముక్కైనా చాలు. జీన్స్‌తో పోలిస్తే కలంకారీ పలచన, కాబట్టి వెనక ఇస్త్రీ వేడికి అతుక్కునే మెత్తటి ఫ్యూజింగ్ కాన్వాస్ అతికించి, లేదా అదే గుడ్డను రెండు పొరలుగా మడిచి వేయాలి. రెండు పొరలుగా మడిచి వేసేటప్పుడు మడత కిందికి వస్తుంది కాబట్టి కింది అంచు విడిగా కుట్టక్కర్లేదు. పట్టీ ఎత్తు మాత్రం కనిపించే దానికి రెండింతలు, దానికి పైన రెండు పొరల మార్జిన్‌కు ఒక అంగుళం. రంగు వదులుతుందేమో చూడటానికి ముక్కను తడిపి తెల్లగుడ్డలో చుట్టి అదమండి. తెల్లగుడ్డకు రంగు అంటకుండా నీళ్లు తేటపడే దాకా విడిగా ఉతికాకే వాడండి. ముదురు జీన్స్ నుంచి కూడా రంగు దిగి లేత పట్టీకి పట్టొచ్చు, ఈ పరీక్ష దానికీ చేయండి.

కాలి మధ్యలో ముక్క కలపడం

పిల్లలు ఒక్కసారిగా పొడుగవుతారు, నడుము మాత్రం అలాగే ఉంటుంది. నాలుగంగుళాలు కావాలంటే కింద పట్టీగా వేస్తే అది మరీ కొట్టొచ్చినట్టుంటుంది. అప్పుడు పిక్కకు కింద, అంచు నుంచి ఆరేడు అంగుళాల పైన కాలిని అడ్డంగా కోసి, మధ్యలో వేరే ముక్క కలపాలి. కింది అంచు, దాని మడత, దాని వెలిసిన రంగు అన్నీ అలాగే ఉంటాయి. తెల్లగీత సమస్యే రాదు.

ఇక్కడ లెక్క తప్పేవాళ్లు చాలామంది. రెండు చోట్ల కుట్టు పడుతుంది. ప్రతి కుట్టు జీన్స్ నుంచి అరంగుళం, ముక్క నుంచి అరంగుళం తింటుంది. అంటే మొత్తం రెండంగుళాలు మార్జిన్లకే పోతాయి. కాబట్టి కావాల్సిన పొడవుకు 2 అంగుళాలు కలిపి ముక్క కత్తిరించండి. నాలుగంగుళాలు పెరగాలంటే ముక్క ఆరంగుళాల ఎత్తు ఉండాలి, కుట్టాక అందులో ఐదంగుళాలు బయటికి కనిపిస్తుంది. ముక్క పై చుట్టు, కింది చుట్టు జీన్స్ కోసిన చోటి చుట్టుకొలతతో సమానంగా ఉండాలి.

కోసే ముందు కోయబోయే గీతకు పైనా కిందా సుద్దతో నిలువుగా చిన్న గుర్తులు పెట్టండి. కుట్టేటప్పుడు అవి ఒకే వరసలోకి రాకపోతే కింది భాగం మెలిపడి పక్క కుట్టు ముందుకు తిరుగుతుంది. రెండు కాళ్లనూ ఒకదాని మీద ఒకటి పరిచి ఒకేసారి గీత గీయండి, కోయడం మాత్రం విడివిడిగా.

పిల్లలకు కొత్త జీన్స్ కొన్నప్పుడు ఒక మాట. మన ఇళ్లలో ఆడపిల్లల పరికిణీలకు లోపల టక్కులు వేసి కుట్టించి, ఏటికేడు విప్పుకుంటూ వచ్చేవాళ్లు. జీన్స్‌కీ అదే చేయించండి. పొడవు ఎక్కువైతే కోయొద్దని దర్జీకి గట్టిగా చెప్పి, రెండంగుళాల దాకా లోపలికి మడిపించి దూరపు కుట్టు వేయించండి. ఏడాదికి విప్పితే సరిపోతుంది. అప్పటికి గీత కాస్త పడుతుంది, దాని సంగతి పైన చెప్పినట్టే చూసుకోవచ్చు.

కుట్టాక

వెంటనే బయటికి వేసుకెళ్లకండి. తిరగేసి, చన్నీళ్లలో, వేరే బట్టలతో కలపకుండా ఒకసారి ఉతికి, నీడలో ఆరబెట్టండి. ఆరాక చూస్తే పట్టీ, జీన్స్ వేరువేరుగా బిగిసి ఉంటే కుట్టు దగ్గర ముడతలు కనిపిస్తాయి. కాస్త ముడతే అయితే తడిగుడ్డ వేసి ఇస్త్రీతో అదిమితే పోతుంది. పోకపోతే ఆ ముడత ఉన్న నాలుగైదు అంగుళాల మేర కుట్టు విప్పి, బట్టను లాగకుండా సర్ది, మళ్లీ కుట్టండి. కచ్చా కుట్ల దారాలు కూడా ఈ ఉతుకు తర్వాతే తీసేయండి.